క్షయ, దానిని పోలిన బ్యాక్టీరియా వ్యాధుల ప్రయోగశాల నిర్ధారణ: ఆర్మూర్ పసుపు ప్రాంతం నేపథ్యంలో ఒక పరిశీలన

ఏటా జనవరి నుంచి మార్చి వరకు ఆర్మూర్ చుట్టుపక్కల బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి మండలాల్లో పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, కల్లాల్లో ఆరబోయడం, పాలిష్ పట్టడం ఒకదాని వెంట ఒకటిగా సాగుతాయి. పాలిష్ డ్రమ్ము తిరిగినంతసేపూ లేచే ధూళిలో పనిచేసే కూలీలకు దగ్గు కొత్త కాదు. ఇదే ప్రాంతంలో ఇళ్ల వద్ద బీడీలు చుట్టే మహిళలకు పొగాకు ధూళి వల్ల వచ్చే దగ్గూ కొత్త కాదు. రెండు వారాలకు మించిన దగ్గును క్షయ అనుమానంగా పరిగణించి కఫం పరీక్ష చేయించుకోవాలన్నది జాతీయ కార్యక్రమం నియమం. దగ్గుకు మరొక కారణం కళ్లెదుటే కనిపిస్తున్నప్పుడు ఆ నియమం సులభంగా మరుగున పడుతుంది. పరీక్షకు వెళ్లినవారి విషయంలోనూ ఏ పరీక్ష ఏ ప్రశ్నకు సమాధానం ఇస్తుందో తెలియకపోతే నిర్ధారణ తప్పుదారి పట్టవచ్చు. ఆ రెండో అంశమే ఈ వ్యాసానికి విషయం.

ఈ తేడా పసుపు మార్కెట్‌తో పరిచయమున్న పాఠకులకు వింతగా తోచదు. కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి ధర చెప్పే వ్యాపారి అనుభవం తక్కువేమీ కాదు. అయినా అందులో కర్కుమిన్ శాతం ఎంత అన్న ప్రశ్నకు కన్ను సమాధానం చెప్పలేదు. నమూనాను ప్రయోగశాలకు పంపవలసిందే. వ్యాధి నిర్ధారణలో కూడా కంటికి కనిపించే రంగుకు, దాని వెనుక ఉన్న జీవికి మధ్య ఇటువంటి దూరమే ఉంది.

చర్చ సౌలభ్యం కోసం ఒక కల్పిత రోగిని ఉదాహరణగా తీసుకుందాం. వయస్సు 48 సంవత్సరాలు, పసుపు రైతు, అయిదేళ్లుగా మధుమేహం. నెల రోజులుగా జ్వరం, దగ్గు, బరువు తగ్గడం. గ్రామంలోని ఆర్‌ఎంపీ వద్ద వారం రోజులు ఏవో యాంటీబయాటిక్ మాత్రలు వాడాడు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన మచ్చ కనిపించింది. కఫం స్లైడులో క్రిములు కనిపించలేదు. అయినా లక్షణాలను బట్టి క్షయ మందులు మొదలయ్యాయి. రెండు నెలలు గడిచినా జ్వరం తగ్గలేదు. ఇప్పుడు ఏమని భావించాలి? మందులకు లొంగని క్షయ కావచ్చు. క్షయ కుటుంబానికే చెందిన మరొక బ్యాక్టీరియా కావచ్చు. క్షయతో ఏ బంధుత్వమూ లేని, పొలం మట్టిలో నివసించే బ్యాక్టీరియా కావచ్చు. అసలు అంటువ్యాధే కాకపోవచ్చు. ఈ నాలుగింటికీ ఎక్స్‌రే మచ్చ ఇంచుమించు ఒకే రకంగా ఉండగలదు. చికిత్స మాత్రం పూర్తిగా వేరు.

నమూనా సేకరణ

ప్రయోగశాల తనకు అందిన నమూనాను మాత్రమే పరీక్షించగలదు. కఫం పేరిట ఉమ్మి అందితే అత్యాధునిక యంత్రం సైతం ఉమ్మినే పరీక్షించి 'లేదు' అని చెబుతుంది. ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చిన కఫం చిక్కగా, తీగలు సాగుతూ, పసుపుపచ్చగా గాని చీముతో గాని ఉంటుంది. 2 నుంచి 5 మి.లీ. పరిమాణం అవసరం. ఉదయం నిద్ర లేచిన వెంటనే తీసిన నమూనాలో రాత్రంతా చేరిన స్రావం ఉంటుంది కనుక దానికి ప్రాధాన్యం. నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గాఢంగా ఊపిరి పీల్చి, ఆ తరువాత దగ్గి తీయాలి. ఈ పని గాలి ఆడే ఆరుబయట, ఇతరులకు దూరంగా జరగాలి. పసుపు కూలీలు పని ముగిసిన సాయంత్రం ఇచ్చే నమూనాలో ధూళి రేణువులు కలిసి స్లైడు చదవడం కష్టమవుతుంది. తెల్లవారుజామున ఇవ్వమని చెప్పడానికి ఇది మరొక కారణం.

పుక్కిలించే నీటికీ ఒక పాత్ర ఉంది. కుళాయిలలో, నీటి తొట్లలో, నేలలో నివసించే కొన్ని మైకోబ్యాక్టీరియాలు సూక్ష్మదర్శినిలో క్షయ క్రిముల వలెనే కనిపిస్తాయి. అందువల్ల పుక్కిలించడానికి కాచి చల్లార్చిన నీరు వాడడం మేలు. ప్రయోగశాలలో రంజకాలు తయారు చేయడానికి, స్లైడు కడగడానికి శుద్ధజలమే వాడాలన్న నియమం కూడా ఇందుకే.

వర్ధన పరీక్షకు పంపే నమూనాను శీతల పెట్టెలో ఉంచి, సాధ్యమైనంత త్వరగా చేర్చాలి. ఎండలో గంటల తరబడి బస్సులో ప్రయాణించిన డబ్బాలో ఇతర బ్యాక్టీరియాలు పెరిగి నెమ్మదిగా పెరిగే క్షయ క్రిమిని కప్పివేస్తాయి. మూత వదులుగా ఉండి కారిన డబ్బాను ప్రయోగశాల తిరస్కరిస్తుంది. అలా తిరస్కరించడం సబబే.

మెడ గ్రంథుల క్షయ విషయంలో జరిగే పొరపాటు ఇంకా విచారకరం. గ్రంథి ముక్కను శస్త్రచికిత్సతో తీసి మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే అందులోని క్రిములన్నీ చనిపోతాయి. కణజాల పరీక్షకు అది పనికివస్తుంది గాని, వర్ధనానికి ఇక అవకాశం ఉండదు. ముక్కను రెండు భాగాలు చేసి, ఒకటి ఫార్మలిన్‌లో, రెండోది స్టెరైల్ సెలైన్‌లో పంపాలని ముందే కోరాలి. ఒకసారి కోసిన గ్రంథి కోసం రోగి మళ్లీ కత్తి కిందికి రాడు.

సూక్ష్మదర్శిని చెప్పేది, చెప్పనిది

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని గుర్తించినట్లు ప్రకటించాడు. ఆ తరువాత కొద్దికాలంలోనే రూపుదిద్దుకున్న జీల్-నీల్సన్ రంజన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. స్లైడుపై కార్బాల్ ఫుక్సిన్ ఎర్ర రంజకం పోసి ఆవిరి వచ్చేవరకు వేడిచేస్తారు. ఆపై 25 శాతం గంధకికామ్లంతో రంగు తొలగిస్తారు. చివరగా మిథిలీన్ బ్లూ పోస్తారు. సాధారణ బ్యాక్టీరియాలు ఆమ్లానికి తమ ఎరుపును కోల్పోయి నీలంగా మారతాయి. మైకోబ్యాక్టీరియాల కణకవచంలో మైకోలిక్ ఆమ్లాలనే మైనపు పదార్థాలు దట్టంగా ఉండడం వల్ల అవి ఎర్రగానే నిలుస్తాయి. వీటినే ఆమ్ల స్థిర దండాణువులు అంటారు.

ఈ పేరును శ్రద్ధగా గమనించాలి. 'ఆమ్ల స్థిరం' అనేది కణకవచ లక్షణం; వ్యాధి పేరు కాదు. క్షయ క్రిమి మాత్రమే గాక ఆ ప్రజాతికి చెందిన ఇతర జాతులన్నీ ఈ రంజనంలో ఎర్రగానే కనిపిస్తాయి. చనిపోయిన క్రిమి, బతికున్న క్రిమి కూడా ఒకేలా కనిపిస్తాయి. మందులకు లొంగేది, లొంగనిది అనే భేదం అసలే తెలియదు. నిజామాబాద్ జిల్లాలోనే డిచ్‌పల్లిలో గత శతాబ్దం రెండో దశకంలో ఇసబెల్ కెర్ ఆధ్వర్యంలో ఏర్పడిన కుష్ఠు ఆసుపత్రి ప్రసిద్ధం. కుష్ఠు క్రిమి కూడా మైకోబ్యాక్టీరియమే. అది ఆమ్లానికి కొంత సులభంగా లొంగుతుంది కనుక చర్మపు గాటు నుంచి తీసిన స్లైడుకు 5 శాతం ఆమ్లమే వాడతారు. కృత్రిమ మాధ్యమంపై దానిని పెంచడం నేటికీ సాధ్యపడలేదు. అందువల్ల ఆ వ్యాధిలో వైద్యుని చేతిస్పర్శకు, స్లైడుకు ఉన్న విలువ ఇంకా తగ్గలేదు.

సూక్ష్మదర్శిని మరొక పరిమితి సంఖ్యకు సంబంధించినది. స్లైడులో క్రిమి కనిపించాలంటే మిల్లీలీటరు కఫంలో దాదాపు 5,000 నుంచి 10,000 క్రిములు ఉండాలి. వర్ధనంలో 10 నుంచి 100 ఉన్నా చాలు. ఈ రెండింటి మధ్యనున్న రోగులందరికీ స్లైడు 'లేదు' అనే చెబుతుంది. పిల్లలు, హెచ్‌ఐవీ సోకినవారు, వ్యాధి తొలిదశలో ఉన్నవారు ఎక్కువగా ఈ వర్గంలోకి వస్తారు. పైన పేర్కొన్న రైతు వాడిన మాత్రలు లెవోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినలోన్ వర్గానికి చెందినవైతే అవి క్షయ క్రిమిపై కూడా కొంత పనిచేస్తాయి. క్రిముల సంఖ్య తాత్కాలికంగా తగ్గి స్లైడు ఖాళీగా కనిపిస్తుంది; వ్యాధి మాత్రం లోపల కొనసాగుతుంది.

ఇన్ని పరిమితులున్నా స్లైడును తీసివేయలేదు. 100 క్షేత్రాలు చూసినపుడు 1 నుంచి 9 క్రిములుంటే 'స్వల్పం', 10 నుంచి 99 ఉంటే 1+ అని లెక్కించే పద్ధతి రోగి ఎంత మేరకు వ్యాధిని వ్యాపింపజేయగలడో తెలుపుతుంది. చికిత్స మధ్యలో పురోగతిని గమనించడానికీ ఇది ఉపకరిస్తుంది. లెక్కింపులో చదివేవారి ఓపిక ప్రధానం. పది క్షేత్రాలు చూసి 'లేదు' అని రాసిన నివేదికకు విలువ లేదు.

జన్యు పరీక్షలు

సీబీనాట్‌గా వ్యవహరించే జీన్ఎక్స్‌పర్ట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదించింది. కఫాన్ని ద్రావణంతో కలిపి కార్ట్రిడ్జిలో పోస్తే రెండు గంటలలోపే రెండు విషయాలు తెలుస్తాయి: క్షయ వర్గపు క్రిమి డీఎన్‌ఏ ఉన్నదా, ఉంటే రిఫాంపిసిన్ మందుకు నిరోధకత కలిగించే మార్పు ఆర్‌పీఓబీ జన్యువులో ఉన్నదా అనేవి. గోవాలోని మోల్‌బయో సంస్థ రూపొందించిన ట్రూనాట్ బ్యాటరీతో పనిచేస్తుంది. శీతల గది, నిరంతర విద్యుత్తు లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ దీనిని నడపవచ్చు. ఇందులో మొదటి చిప్ క్షయ క్రిమిని, అది ఉన్నట్లు తేలితే రెండో చిప్ రిఫాంపిసిన్ నిరోధకతను పరీక్షిస్తాయి. జాతీయ కార్యక్రమం ఇప్పుడు అనుమానితులకు తొలి పరీక్షగా వీటినే సూచిస్తోంది. రిఫాంపిసిన్ నిరోధకత తేలితే నమూనా పెద్ద ప్రయోగశాలకు వెళుతుంది. అక్కడ లైన్ ప్రోబ్ పరీక్షలో కాట్‌జీ, ఇన్‌హెచ్‌ఏ జన్యువుల మార్పుల ద్వారా ఐసోనియాజిడ్ నిరోధకతను కూడా చూస్తారు.

ఈ పరీక్షల పరిమితులను విద్యార్థులు రెండింటిగా గుర్తుంచుకోవచ్చు. డీఎన్‌ఏ క్రిమి చనిపోయిన తరువాత కూడా కొంతకాలం మిగిలి ఉంటుంది. చికిత్స పూర్తయిన వ్యక్తికి ఈ పరీక్ష మళ్లీ 'ఉంది' అని చెప్పినంత మాత్రాన వ్యాధి తిరగబెట్టిందని భావించరాదు. చికిత్స ఫలితాన్ని స్లైడు, వర్ధనం ద్వారానే అంచనా వేయాలి. ఇక 'లేదు' అన్న ఫలితానికి అర్థం క్షయ వర్గపు క్రిమి దొరకలేదని మాత్రమే. స్లైడులో ఎర్ర దండాణువులు కనిపించి, జన్యు పరీక్ష 'లేదు' అన్నప్పుడు కొందరు యంత్రాన్ని, మరికొందరు స్లైడు చదివిన వ్యక్తిని అనుమానిస్తారు. ఇద్దరూ సరిగానే చెప్పి ఉండవచ్చు. అది క్షయేతర మైకోబ్యాక్టీరియం కావచ్చునన్న ఆలోచన అక్కడే రావాలి.

వర్ధనం, జాతి గుర్తింపు

క్షయ క్రిమి రెట్టింపు కావడానికి దాదాపు 18 నుంచి 20 గంటలు పడుతుంది. ఈ-కొలై 20 నిమిషాలలో రెట్టింపవుతుంది. గుడ్డుతో తయారయ్యే లోవెన్‌స్టీన్-జెన్సన్ మాధ్యమంపై క్షయ సమూహాలు కనిపించడానికి 4 నుంచి 8 వారాలు అవసరం. ద్రవ మాధ్యమంలో పెంచే ఎంజీఐటీ పద్ధతిలో ఈ వ్యవధి తగ్గుతుంది. అయినా 42 రోజులు వేచి చూడకుండా 'లేదు' అని చెప్పరు. పెరిగినదానిలో ఎంపీటీ-64 అనే ప్రోటీన్ ఉన్నదేమో చిన్న పట్టీపై పావుగంటలో పరీక్షించవచ్చు. ఆ ప్రోటీన్ ఉంటే క్షయ వర్గం; లేకుంటే క్షయేతర జాతిగా భావించి తదుపరి గుర్తింపుకు పంపుతారు.

క్షయేతర మైకోబ్యాక్టీరియాల పేర్లలో కొన్ని వ్యవసాయ సూక్ష్మజీవశాస్త్రం చదివినవారికి పరిచితమే. ఏవియం వర్గం, కన్సాసై నెమ్మదిగా పెరుగుతాయి. అబ్‌సెస్సస్ వారంలోపే పెరుగుతుంది. ఇవి నేలలో, నీటిలో ఉంటాయి కనుక ఒక్క నమూనాలో పెరిగినంత మాత్రాన వ్యాధికి కారణమని చెప్పలేము. వేర్వేరు రోజుల్లో తీసిన కనీసం రెండు కఫం నమూనాలలో అదే జాతి పెరగాలి. లక్షణాలు, ఎక్స్‌రే దానికి అనుగుణంగా ఉండాలి. అబ్‌సెస్సస్‌కు క్షయ మందులు దాదాపుగా పనిచేయవు. జాతి తెలియకుండా నెలల తరబడి వాడిన మందుల వల్ల కాలేయానికి కలిగే నష్టం తప్ప రోగికి ఒనగూడేది ఉండదు.

పర్యావరణంలోని ఈ జాతుల ప్రభావం చికిత్సకే పరిమితం కాదు. తమిళనాడులోని చెంగల్పట్టులో 1968లో ప్రారంభమైన భారీ బీసీజీ అధ్యయనంలో ఊపిరితిత్తుల క్షయ నుంచి పెద్దలకు రక్షణ లభించినట్లు తేలలేదు. స్థానిక ప్రజలకు నేల, నీటి మైకోబ్యాక్టీరియాలతో ముందుగానే ఏర్పడిన పరిచయం టీకా ప్రభావాన్ని మరుగుపరచి ఉండవచ్చునన్నది అప్పటి నుంచి చర్చలో ఉన్న ఒక వివరణ. ట్యూబర్‌క్యులిన్ చర్మ పరీక్షలో చిన్నపాటి వాపును క్షయగా భావించకపోవడానికీ ఇదే కారణం.

చర్మ పరీక్ష గాని, ఇగ్రా అనే రక్త పరీక్ష గాని క్రిమి ఎప్పుడో శరీరంలో ప్రవేశించిందా అన్న ప్రశ్నకే జవాబిస్తాయి. ఇప్పుడు వ్యాధి ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. రక్తంలో ప్రతిరక్షకాలు చూసి క్షయను నిర్ధారిస్తామన్న పరీక్షలు అవిశ్వసనీయమని తేలడంతో భారత ప్రభుత్వం 2012లో వాటిని నిషేధించింది.

నేలలో నివసించే పోలికలు

మెలియాయిడోసిస్ కారకమైన బర్క్‌హోల్డేరియా సూడోమల్లై నేలలో, నిలువ నీటిలో జీవిస్తుంది. దీనిని 1911లో రంగూన్‌లో విట్‌మోర్ గుర్తించాడు. 1912లో కృష్ణస్వామితో కలిసి దానిపై వ్యాసం ప్రకటించాడు. చర్మంపై గాయాల ద్వారా, గాలి ద్వారా, నీటి ద్వారా శరీరంలో ప్రవేశిస్తుంది. మధుమేహం దీనికి అతి ముఖ్యమైన సహకారి. వర్షాకాలంలో ఒట్టి కాళ్లతో బురదలో దిగే రైతులు, కూలీలు దీని బారిన పడే అవకాశం ఎక్కువ. ఊపిరితిత్తి పైభాగంలో గూడులాంటి మచ్చ, దీర్ఘకాల జ్వరం, బరువు తగ్గడం క్షయనే తలపిస్తాయి. ప్లీహంలో, కాలేయంలో, చర్మం కింద చీముగడ్డలు ఏర్పడవచ్చు. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాలు సంభవించినప్పుడు ఈ వ్యాధిపై అనుమానం వ్యక్తమై, అంతవరకు వైద్య గ్రంథాలకే పరిమితమైన పేరు తెలుగు పత్రికలలో ప్రతిరోజూ కనిపించింది.

దీని నిర్ధారణలో ఆశాజనకమైన విషయం ఒకటుంది. ఇది సాధారణ మాధ్యమాలపైనే ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది. విచారకరమైన విషయం కూడా అదే. సాధారణంగా పెరుగుతుంది కనుక దానిని సాధారణ సూడోమోనాస్‌గానో, కలుషితంగానో భావించి పక్కన పెడతారు. ఈ పొరపాటుకు వర్గీకరణ చరిత్ర కొంత కారణం. 1992కు ముందు దీని పేరు సూడోమోనాస్ సూడోమల్లై. అల్లం, టమాట పంటలలో ఎండు తెగులు కలిగించే సొలనాసియారం సైతం అప్పట్లో సూడోమోనాస్‌లోనే ఉండేది. ఆ ఏడాది రెండూ కలిసి బర్క్‌హోల్డేరియాలోకి మారాయి; 1995లో ఎండు తెగులు క్రిమి రాల్‌స్టోనియాగా విడిపోయింది. పసుపు దుంపకుళ్లు నివారణకు సూడోమోనాస్ ఫ్లోరిసెన్స్‌ను సిఫారసు చేసే విస్తరణ శాస్త్రవేత్తకు ప్రయోగశాల నివేదికలో 'సూడోమోనాస్ జాతి' అని కనిపిస్తే భయం కలగకపోవడం సహజం. ఆ మాట ముందు ఆగి, ఏ జాతి అని అడగాలి.

ఈ క్రిమి గ్రామ్ రంజనంలో రెండు చివర్ల ముదురుగా, నడుమ లేతగా సేఫ్టీ పిన్ను ఆకారంలో కనిపిస్తుంది. ఆక్సిడేజ్ పరీక్షకు స్పందిస్తుంది. జెంటామైసిన్, కొలిస్టిన్ బిళ్లల చుట్టూ పెరుగుతుంది. అమోక్సిసిల్లిన్-క్లావులనేట్ బిళ్ల చుట్టూ పెరగదు. ఈ మూడు బిళ్లల ఫలితం ఒకచోట కనిపిస్తే చిన్న ప్రయోగశాల సైతం అనుమానించి పై ప్రయోగశాలకు పంపగలదు. జెంటామైసిన్‌కు లొంగే రకాలు కొన్నిచోట్ల లేకపోలేదు గాని అవి అరుదు. కఫంతోపాటు రక్తం, మూత్రం, చీము కూడా వర్ధనానికి పంపాలి. ఒకసారి పెరగకపోయినా అనుమానం బలంగా ఉంటే మళ్లీ పంపాలి. మొదట కనీసం 10 నుంచి 14 రోజులు సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ సిరల ద్వారా, ఆపై కనీసం మూడు నెలలు కోట్రైమాక్సజోల్ ఇవ్వవలసి ఉంటుంది. ప్రామాణిక క్షయ చికిత్సలోని నాలుగు మందులలో ఏదీ దీనికి చికిత్స కాదు.

నొకార్డియా మరొక పోలిక. మట్టికి వాసననిచ్చే యాక్టినోమైసీట్‌ల వర్గానికి చెందిన ఇది బలహీనంగా ఆమ్ల స్థిరం. 25 శాతం ఆమ్లానికి రంగు కోల్పోతుంది. 1 శాతం ఆమ్లానికి నిలుపుకుంటుంది. సన్నని, కొమ్మలు వేసిన తంతువులు కనిపించడం దీని గుర్తు. స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడినవారిలో దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

పశువులలో నిర్ధారణ

భారతదేశంలో పశు క్షయపై వెలువడిన అధ్యయనాలను సమీకరించి 2018లో ప్రచురించిన విశ్లేషణ దాని వ్యాప్తిని 7.3 శాతంగా అంచనా వేసింది. ఆ పశువులను వధించి మందను శుద్ధిచేసే పద్ధతి ఇక్కడ ఆచరణ సాధ్యం కాదు. కాబట్టి నిర్ధారణ, వేరుచేయడం, పాలు కాచడం మాత్రమే మిగిలే మార్గాలు.

పశువు మెడపై రెండు చోట్ల వెంట్రుకలు తీసి, చర్మం మందాన్ని కాలిపర్‌తో కొలిచి, ఒకచోట బోవైన్, మరొకచోట ఏవియన్ ట్యూబర్‌క్యులిన్‌ను 0.1 మి.లీ. చొప్పున చర్మంలోకి ఎక్కిస్తారు. 72 గంటల తరువాత మళ్లీ కొలుస్తారు. బోవైన్ వైపు పెరుగుదల ఏవియన్ వైపు కంటే 4 మి.మీ.కు మించి ఉంటే క్షయగా పరిగణిస్తారు. రెండో సూది ఎందుకని విద్యార్థులు తరచు అడుగుతారు. నేలలోని మైకోబ్యాక్టీరియాలకు, జోన్స్ వ్యాధి క్రిమికి గురైన పశువు కూడా బోవైన్ ట్యూబర్‌క్యులిన్‌కు కొంత స్పందిస్తుంది. ఆ స్పందనను తీసివేయడానికే ఏవియన్ సూది. జోన్స్ వ్యాధిలో తగ్గని పారుడు, తిండి తింటున్నా చిక్కిపోవడం ముఖ్య లక్షణాలు. పేడ స్లైడులో ఆమ్ల స్థిర దండాణువులు గుంపులుగా కనిపించవచ్చు. వర్ధనానికి మైకోబాక్టిన్ అనే పదార్థాన్ని మాధ్యమంలో చేర్చాలి, నెలల తరబడి వేచి ఉండాలి. ఆర్మూర్ నుంచి 63వ జాతీయ రహదారిపై తూర్పుగా వెళితే వచ్చే కోరుట్లలో పశువైద్య కళాశాల ఉండడం ఈ ప్రాంతపు విస్తరణ సిబ్బందికి ఒక సౌలభ్యం.

మనుషులలో పశు సంబంధ క్షయను గుర్తించడంలో ఒక చిక్కు ఉంది. జన్యు పరీక్ష యంత్రం క్షయ వర్గం ఉన్నదని మాత్రమే చెబుతుంది. అది మానవ జాతి క్రిమా, పశువు నుంచి వచ్చినదా అన్నది చెప్పదు. వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో 940 వర్ధనాలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో పశుక్షయకు ప్రసిద్ధ కారకమైన మైకోబ్యాక్టీరియం బోవిస్ కనిపించలేదు; కొద్దిమందిలో ఒరిజిస్ అనే జాతి కనిపించింది. పశువుల నుంచి వచ్చే క్షయ అంటే బోవిస్ ఒక్కటేనన్న పాఠ్యపుస్తక సమీకరణాన్ని దక్షిణ ఆసియాలో పునఃపరిశీలించవలసిన అవసరాన్ని ఇది చూపింది. ఈ భేదం పరిశోధకులకే పరిమితం కాదు. బోవిస్ స్వభావసిద్ధంగా పైరజినమైడ్‌కు లొంగదు; నాలుగు మందులలో ఒకటి మొదటిరోజు నుంచే వృథా. పచ్చిపాలు తాగే ఇంట్లో మెడ గ్రంథులు లేదా పొట్ట క్షయ వచ్చినపుడు జాతి గుర్తింపు కోరడం అవసరం.

ఫలితాన్ని చదవడం

గ్రామంలో సామూహిక పరీక్షలు నిర్వహించే సందర్భంలో గణాంకశాస్త్రం చదివిన వ్యవసాయ విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవచ్చు. 2019-21 జాతీయ సర్వేలో 15 సంవత్సరాలు పైబడినవారిలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల క్షయ ఉన్నట్లు తేలింది. ఒక పరీక్ష నిజమైన రోగులలో 90 శాతం మందిని పట్టుకుంటుందని, రోగం లేనివారిలో 98 శాతం మందికి సరిగా 'లేదు' అంటుందని అనుకుందాం. లక్షమందికి ఆ పరీక్ష చేస్తే 284 మంది నిజమైన రోగులు, 1,994 మంది రోగం లేనివారు 'ఉంది' జాబితాలో చేరతారు. అంటే ఎనిమిది మందిలో ఒక్కరికే వ్యాధి. అదే పరీక్షను పదిమందిలో ఒకరికి వ్యాధి ఉండే లక్షణగ్రస్తుల వర్గంలో 10,000 మందికి చేస్తే 900 మంది నిజమైన రోగులు, 180 మంది మాత్రమే పొరపాటున చేరినవారు. పరీక్ష మారలేదు, ఎవరికి చేశామన్నది మారింది. అందుకే సామూహిక శిబిరంలో తొలి ఫలితం రెండో పరీక్షకు అర్హతగా మాత్రమే ఉండాలి.

ఎక్స్‌రే విషయంలోనూ ఇదే దృష్టి అవసరం. అదే జాతీయ సర్వేలో దొరికిన రోగులలో 42.6 శాతం మంది ఎక్స్‌రే తీయకుండా లక్షణాలనే ఆధారం చేసుకుని ఉంటే తప్పిపోయేవారు. కనుక ఎక్స్‌రే విలువ నిస్సందేహం. అయితే అది మచ్చను చూపుతుంది, మచ్చ వయస్సును చూపదు. ఆర్మూర్ ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లేవారికి ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. ఎప్పుడో నయమైన క్షయ మచ్చ కూడా అక్కడ ప్రయాణానికి అడ్డంకి కాగలదు. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన యువకుడు ఆ దశలో అవసరం లేని క్షయ మందులు మింగి మచ్చను పోగొట్టుకోవాలని ప్రయత్నించడం వ్యర్థం. మందులు క్రిమిని చంపుతాయి, మచ్చను చెరపవు. కఫం జన్యు పరీక్ష, వర్ధనం చేయించి, పాత ఎక్స్‌రేలతో పోల్చి చూపే ధ్రువపత్రాన్ని వైద్యుని నుంచి పొందడం అతనికి తెలియజేయదగిన విషయం.

మొదట పేర్కొన్న రైతు వద్దకు తిరిగివస్తే, అతనికి రెండో నెల చివర చేయవలసినది మూడో నెల మందుల పొట్లం ఇవ్వడం కాదు. తెల్లవారుజామున తీసిన కఫాన్ని జన్యు పరీక్షకు, ద్రవ మాధ్యమ వర్ధనానికి, సాధారణ బ్యాక్టీరియా వర్ధనానికి విడివిడిగా పంపాలి. రక్త వర్ధనం, కడుపు అల్ట్రాసౌండ్ చేయించాలి. వీటిలో ఏదీ తేల్చకపోతే ఊపిరితిత్తుల క్యాన్సరు కోణం మిగిలి ఉంది. నమూనాతోపాటు పంపే పత్రంలో సాధారణంగా ఖాళీగా వదిలే గడి ఒకటుంది: రోగి చరిత్ర. అందులో 'పసుపు రైతు, మధుమేహం, వానాకాలం బురదలో పని, ఇంట్లో పాడి గేదె, వారం రోజులు యాంటీబయాటిక్, రెండు నెలలు క్షయ మందులు వాడాడు' అన్న ఒక్క వాక్యం ఉంటే, సూక్ష్మజీవశాస్త్రవేత్త ఆ నమూనాను ఏ మాధ్యమాలపై పెంచాలో, ఎన్ని రోజులు చూడాలో, రక్షణ క్యాబినెట్ లోపలే డబ్బా మూత తెరవాలో ముందుగానే నిర్ణయించుకుంటాడు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా ఆ రైతు ఇంటి వరండాలో కూర్చుని పంటల లెక్కలు రాసుకునే విద్యార్థికి ఈ వాక్యంలోని వివరాలన్నీ అప్పటికే తెలిసి ఉంటాయి.